రంగు వేయని బిస్కెట్లు

అమ్మ పోయాక చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. చాలామంది లేచి మాట్లాడారు. ప్రేమమూర్తి అన్నారు, ప్రార్థనాపరురాలు అన్నారు, సంఘానికి తీరని లోటు అన్నారు. మనసులో ఉన్నదే చెప్పారు, అందులో సందేహం లేదు. కానీ ఆ మాటలు ఎవరు పోయినా సరిపోతాయి. వెనక బెంచీలో కూర్చుని వింటున్నంతసేపూ, అమ్మ చేతులతో ఏం చేసేదో ఒక్కరైనా చెబుతారేమోనని చూశాను. ఎవరూ చెప్పలేదు. అందుకని నేను ఒక్క పని గురించి రాస్తున్నాను. క్రిస్మస్ ముందర ఆమె చేసే బిస్కెట్ల పని.

మాది కోడుమూరు. అమ్మ చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుంది. అక్కడ వంటగది చూసుకునే ఆమె దగ్గర ఈ బిస్కెట్లు నేర్చుకుంది. మైదా, చక్కెర, వెన్న కలిపి ముద్ద చేసి, చపాతీ కర్రతో పాముకుని, అచ్చులతో కోసి కాల్చడం, చల్లారాక పైన చక్కెర పూత పూయడం. ఆ హాస్టల్లో అచ్చులు ఎక్కడినుంచో వచ్చినవి ఉండేవట. పెళ్ళయి కోడుమూరు వచ్చాక ఆమెకు అచ్చులూ లేవు, కాల్చడానికి పొయ్యీ లేదు. రెండూ ఇక్కడే సంపాదించుకుంది.

అచ్చులు నాయన చేశాడు. ఆయన స్టవ్వులు బాగుచేసేవాడు, కారే బిందెలకు మాట్లు వేసేవాడు. నూనె డబ్బా రేకును సన్నని పట్టీలుగా కత్తిరించి, వంచి, అతికి నాలుగు అచ్చులు చేసిచ్చాడు. నక్షత్రం, గంట, చెట్టు, గొర్రె. నక్షత్రం, గంట బాగా వచ్చాయి. గొర్రె మాత్రం బొమ్మల పుస్తకాల్లో ఉండే ఉన్ని ముద్దలా ఉండదు. మా ఊరి గొర్రె ఎలా ఉంటుందో అలాగే చేశాడు. ఒళ్ళు సన్నం, కాళ్ళు పొడుగు. ఆ పొడుగు కాళ్ళు కాల్చేటప్పుడు విరిగిపోయేవి. వేరే అచ్చు చేసిస్తానని నాయన ప్రతి ఏడాదీ అనేవాడు. అమ్మ ఒప్పుకునేది కాదు.

"గొర్రె గొర్రె మాదిరుండాలప్పా. కుంటివి మనం తిందాం, నడిచేవి ఊళ్ళోకి పంపుదాం" అనేది.

అలా మా ఇంట్లో మిగిలేవన్నీ కుంటి గొర్రెలే.

కాల్చడం బస్టాండు దగ్గర ఉన్న సాయిబు గారి బేకరీలో. రంజాన్ ముందు మా ఊళ్ళో ముస్లిముల ఇళ్ళ నుంచి పిండీ చక్కెరా డాల్డా తీసుకుపోయి బేకరీలో బిస్కెట్లు చేయించుకుంటారు. సరుకు మనది, కట్టెలూ బట్టీ వాళ్ళవి, కాల్చినందుకు కూలి. అమ్మ ఆ అలవాటును క్రిస్మస్‌కు తెచ్చుకుంది. మధ్యాహ్నం రొట్టెలు తీసేశాక బట్టీలో వేడి తగ్గుతుంది. రొట్టెకు చాలని ఆ వేడి బిస్కెట్టుకు సరిగ్గా సరిపోతుంది. మేం అప్పుడు పోయేవాళ్ళం.

బిస్కెట్లు నాలుగు రుచుల్లో చేసేది. ఏలకులు, నిమ్మతొక్క, శొంఠి, సోంపు. వాసన కోసం సీసాల్లో అమ్మే ఎసెన్సు ఎప్పుడూ వాడలేదు. నిమ్మతొక్కను పైపైన, తెల్లటి చేదు భాగం తగలకుండా తురిమేది. శొంఠిని పెనం మీద కొంచెం వేడిచేసి దంచేది. సోంపును మాత్రం దంచకుండా అరచేతుల మధ్య నలిపేది. చల్లారాక గుడ్డు తెల్లసొనలో పొడిచక్కెర గిలక్కొట్టి, రెండు చుక్కలు నిమ్మరసం పిండి, పూత తయారుచేసేది. పాల ప్యాకెట్టు కవరును కడిగి ఆరబెట్టి, గోరింటాకు కోను మాదిరి చుట్టి, కొన కత్తిరించి, దాంతో గీసేది. చెట్టుకు కొమ్మలు, గంటకు అంచు, నక్షత్రానికి మధ్యలో చిన్న నక్షత్రం. చెయ్యి ఎక్కడా ఆగేది కాదు. గీత మొదలైన చోటే వచ్చి కలిసేది. మా గాలిలో తేమ ఉండదు కాబట్టి పూత గంటలోపే గట్టిపడి గోరుతో కొడితే టక్కుమనేది.

పూతకు రంగులు కలిపేది. పసుపుపచ్చ, ఆకుపచ్చ, ఎరుపు, తెలుపు. నాకు ఆ రంగులు నచ్చేవి కావు. తినేదానికి అంత సింగారం ఎందుకనేదాన్ని. అమ్మ నవ్వి, "నువ్వు కళ్ళు మూసుకోని తిను" అనేది.

ఈ బిస్కెట్లన్నీ మాకోసం కాదు. మా వైపు ఒక ఇంట్లో చావు జరిగితే ఏడాది తిరిగేదాకా ఆ ఇంట్లో బాణలి పెట్టరు. అరిసెలూ కారాలూ ఏవీ వండరు. పండగ వచ్చినా వాకిట్లో ముగ్గు వేయరు. క్రైస్తవుల ఇళ్ళలోనూ అంతే. నక్షత్రం కట్టరు. ఇది బైబిల్లో లేదని పాస్టర్లు చెబుతూనే ఉంటారు, జనం వింటూనే ఉంటారు, బాణలి మాత్రం పెట్టరు. అమ్మ ఈ ఆచారాన్ని తప్పుపట్టలేదు, దాన్ని గురించి ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ ఏడాది సంఘంలో ఏ ఇంట్లో చావు జరిగిందో ఆ ఇంటికి క్రిస్మస్ ముందర ఒక డబ్బా బిస్కెట్లు పట్టుకుపోయి ఇచ్చేది. కాసేపు కూర్చునేది. వచ్చేసేది.

అమ్మ ఎండాకాలంలో పోయింది. డిసెంబరులో ఒక శనివారం నేను కర్నూలు నుంచి ఇంటికి వచ్చేసరికి నాయన అరుగు మీద కూర్చుని బూడిదతో అచ్చులు తోముతున్నాడు. గుమ్మం లోపల మా అత్త నిలబడి ఉంది. ఆమె నాయనకు అక్క, భర్త పోయినప్పటినుంచి మా దగ్గరే ఉంటుంది. ఇంట్లో ఏది చేయవచ్చో, ఏది చేయకూడదో చెప్పే బాధ్యత ఎవరూ ఇవ్వకపోయినా ఆమెదే.

"చూడు మీ నాయన ఏం చేస్తాండాడో" అంది నాతో. "ఇంట్లో మనిషి పోయి ఏడాది గూడా కాలే. పిండివంటలంట."

"పిండివంట కాదక్కా, బిస్కెట్లు" అన్నాడు నాయన తల ఎత్తకుండా.

"పిండితో చేసేది పిండివంట గాకపోతే ఏమి?"

నాయన అచ్చు తిప్పి చూసి మళ్ళీ తోమాడు. తర్వాత విషయం చెప్పాడు. ఆ ఏడాది మా సంఘంలో మాది కాక చావు జరిగిన ఇల్లు ఇంకొకటే ఉంది. పత్తికొండ దారిలో ఒక పల్లెలో, టమాటా తోటల్లో కూలికి పోయే ఆమె ఇల్లు. భర్త శనక్కాయ కోతలప్పుడు పోయాడు. ఇంట్లో ఆమె, ఆమె అత్త. అమ్మ ఉంటే ఆ ఇంటికి పోయేది. ఇన్నేళ్ళలో ఒక్క ఇల్లు తప్పలేదు. ఇప్పుడు ఆమె లేదని ఆ ఇల్లు తప్పిపోవడం నాయనకు ఇష్టం లేదు. ఆయన అడిగింది అంతే.

అత్తకు రెండు అభ్యంతరాలు. చావు ఇంట్లో వండకూడదు. ఒకవేళ వండినా, చావు ఇంటి తీపి ఇంకో ఇంట్లో అడుగుపెట్టకూడదు.

"అట్లేం లేదని పాస్టరయ్య చెప్పినాడు కదక్కా."

"ఆయనకేం తెలుసు. ఆయన గుంటూరాయన."

నాయన అచ్చు కింద పెట్టాడు. "సరే, నువ్వే చెప్పు. చావింట్లో ఏం పెట్టగూడదు?"

"బాణలి."

"బాణలి పెట్టను. నూనె కాంచను. పొయ్యి గూడా ముట్టియ్యను. పిండి కలిపేది మనింట్లో. అది వంట కాదు, మనం రోజూ రొట్టెకు కలుపుతాండాం. కాల్చేది సాయిబు బట్టీలో. నిప్పు ఆయనది, కట్టెలు ఆయనవి. పైన పూసే చక్కెరకు నిప్పే పనిలే. ఇప్పుడు చెప్పు, మనింట్లో వంట యాడ జరిగినట్ల?"

అత్త చాలాసేపు ఆలోచించింది. ఆమె మొండిది కాదు. పద్ధతి ఉంటే పద్ధతి ప్రకారం ఒప్పుకునే మనిషి. నాయన చెప్పినదాన్ని మనసులో ఒక్కొక్కటిగా తీసి చూస్తున్నట్టు అనిపించింది.

"శొంఠి పెనం మీద ఏడి చేస్తాది కదా మీ ఆమె" అంది చివరికి.

"ఎండలో పెడతా."

"రంగులు ఏసేకి లేదు."

"ఏయం."

"తెల్లగానే ఉండాల."

"తెల్లగానే."

"వాళ్ళు తీసుకుంటారో లేదో నాకు తెల్దు. వాకిట్లోనే వద్దంటే ఎనక్కి తెచ్చుకోవాల. నాతో చెప్పొద్దు" అని లోపలికి పోయింది.

రంగులు వద్దన్నందుకు నాకు లోపల సంతోషమే కలిగింది. ఇప్పటికైనా ఈ బిస్కెట్లు నిరాడంబరంగా ఉంటాయనుకున్నాను.

మరుసటి శనివారం పిండి కలిపాం. కొలతలు నాయనకు తెలుసు. ఇన్నేళ్ళు పక్కన కూర్చుని వెన్న చితికింది ఆయనే. నాలుగు ముద్దలు చేసి, తడిగుడ్డ కప్పి, నీళ్ళ కడవ పక్కన చల్లటి చోట పెట్టాం. గట్టిపడ్డాక నేను పామాను, నాయన కోశాడు. అచ్చును ప్రతిసారీ పొడిపిండిలో ముంచి, నిటారుగా నొక్కి, కొంచెం కదిపి, ఎత్తేవాడు. గొర్రె దగ్గరికి వచ్చేసరికి ఊపిరి బిగబట్టేవాడు. ఒక్కో రుచిని ఒక్కో ట్రేలో పేర్చాం. అత్త దూరంగా కూర్చుని బియ్యం ఏరుతోంది. మా వైపు చూడటం లేదన్నట్టు కూర్చుంది.

బేకరీలో సాయిబు గారు మమ్మల్ని చూసి లేచి వచ్చాడు. ట్రేలు తీసుకుని బల్ల మీద పెట్టుకున్నాడు. కాసేపటికి, "ఈసారి రావనుకుంటి అన్నా" అన్నాడు.

"నేనూ అట్లే అనుకుంటి" అన్నాడు నాయన.

ఆయన బట్టీలోకి పొడుగు కర్రతో ట్రేలు నెట్టాడు. వాసన వచ్చింది. అదే వాసన. నాయన బయటికి పోయి మోపెడ్ దగ్గర నిలబడ్డాడు. నేను ట్రేల దగ్గర ఉన్నాను.

పొరపాటు అక్కడ జరిగింది. అమ్మ ఉన్నప్పుడు ఏ ట్రే ఏ రుచిదో ఆమె తలలో ఉండేది. ఇంటికి రాగానే రంగు పూత వేసేసేది కాబట్టి మాకు ఆ సంగతితో పని పడలేదు. నేను నాలుగు ట్రేలనూ ఒకే పెద్ద డబ్బాలో, విరగకుండా ఉండాలని గొర్రెలన్నీ పైన, నక్షత్రాలన్నీ కింద, బొమ్మల వారీగా సర్దుకుని ఇంటికి తెచ్చాను. తెల్లపూత గిలక్కొట్టి, కోను చుట్టి, మొదటి నక్షత్రం చేతిలోకి తీసుకున్నప్పుడు నాయన అడిగాడు.

"అది ఏది?"

"ఏది ఏమి?"

"నిమ్మదా, శొంఠిదా?"

తెలియలేదు. కాలాక నాలుగు రుచులూ ఒకే రంగులో ఉంటాయి. పసుపుపచ్చ పూత ఉంటే నిమ్మ, ఆకుపచ్చ ఉంటే ఏలకులు, ఎరుపు ఉంటే శొంఠి, తెలుపు ఉంటే సోంపు. చిన్నప్పటినుంచి తింటున్నాను, ఎర్రది కారంగా ఉంటుందని నాలుకకు తెలుసు. అయినా అమ్మ రంగులు అందుకే వేస్తోందని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆమె ఏ ఇంటికి పోయినా డబ్బా మూత తీసి, ఈ రంగుది దగ్గు ఉన్నవాళ్ళకు, ఈ రంగుది ముసలివాళ్ళకు అని చెప్పి ఇచ్చేది. నాకు సింగారంగా కనిపించింది ఆమెకు పని.

"పల్లెలో ఆ ముసిలామెకు శొంఠి పడదు" అన్నాడు నాయన. "కడుపులో మంట. చర్చిలో అల్లం టీ గూడా తాగదు. తెలీకుండా పెడితే పెట్టినట్ల కాదు."

విరిచి చూడటానికి లేదు, అన్నీ విరిగిపోతాయి. రెండుమూడు వాసన చూశాను, నా ముక్కుకు అన్నిట్లోనూ వెన్నే తెలిసింది. అప్పుడు అత్త బియ్యం చేట పక్కన పెట్టి లేచి వచ్చింది.

"జరుగు" అంది నాతో.

డబ్బాలోంచి ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. "సోంపు" అని ఒక పక్కన పెట్టింది. ఇంకొకటి తీసింది. "యాలక్కాయ." ఇంకొకటి. దీని దగ్గర ఆగింది, మళ్ళీ వాసన చూసింది. "నిమ్మ. తొక్క లోతుకు గీకినావు నువ్వు. మీ అమ్మ ఇట్ల గీకదు."

"ఎట్ల తెలుస్తాది అత్తా?"

"ఆమె చేసేటప్పుడు నేను యాడుంటి? ఈడనే కదా."

అలా డబ్బా మొత్తం వాసన చూసి నాలుగు కుప్పలు పెట్టింది. అనుమానం వచ్చినచోట ఒక కుంటి గొర్రె కాలు విరిచి నాలుక మీద వేసుకుంది. చావు ఇంట్లో తీపి తినకూడదని నాయన గుర్తుచేశాడు.

"తినలే. చూసినా" అంది.

ఏది ఏదో తెలిసింది. ఇక రంగు లేకుండా గుర్తు పెట్టాలి. తెల్లపూత మీద తెల్లటి చుక్కలు పెడదామన్నాను. చుక్క లేనిది సోంపు, ఒక చుక్క నిమ్మ, రెండు ఏలకులు, మూడు శొంఠి. పూత కొంచెం ఆరాక చుక్క పెడితే ఉబ్బెత్తుగా నిలుస్తుంది, వేలికి తగులుతుంది. నాకు అమ్మ చెయ్యి లేదు. నా గీతలు వణికాయి, చెట్టు కొమ్మలు ఒకదానిమీదికి ఒకటి ఎక్కాయి. అయితే చుక్కలు మాత్రం ఏ తప్పూ లేకుండా పెట్టాను. అత్త వచ్చి వంగి చూసింది.

"వాకిట్లో ముగ్గు వద్దంటే బిస్కెట్ మీద ఏస్తాండావా?"

"ముగ్గు కాదత్తా, గుర్తు."

"చుక్కలు పెడితే ముగ్గే" అంది. కానీ తీసేయమనలేదు. రెండు చుక్కలది ఒకటి మూడు చుక్కల వాటిలో కలిస్తే వేలితో పక్కకు జరిపింది.

ఆదివారం ఆరాధన అయ్యాక నాయనా నేనూ మోపెడ్ మీద బయలుదేరాం. డబ్బా నా ఒళ్ళో. రోడ్డుకు రెండువైపులా కోసేసిన చేలు. గుంత వచ్చినప్పుడల్లా నాయన వెనక్కి తిరగకుండా, "గొర్రెలు బాగుండాయా?" అని అడిగాడు.

పల్లెలో ఆ కూలికి పోయే ఆమె ఇంటి ముందు బట్టలు ఆరేస్తోంది. మమ్మల్ని చూసి, డబ్బాను చూసి, చేతిలో చీర అలాగే పట్టుకుని నిలబడింది. ఆ డబ్బా సంఘంలో అందరికీ తెలుసు. లోపల మంచం మీద ఆమె అత్త. నాయన గుమ్మం దాటలేదు. చెప్పులు విడిచి వాకిట్లోనే ఆగాడు.

"అమ్మా, మా ఇంట్లో గూడా మనిషి పోయింది, నీకు తెలుసు. పొయ్యి ముట్టియ్యలే. బట్టీలో కాల్పించినాం. తీసుకోవాలనుంటేనే తీసుకో. వద్దంటే మాకేం బాధలే."

బాధలేదన్నది అబద్ధం. ఆయన గొంతు వింటే ఎవరికైనా తెలుస్తుంది. ఆమె లోపల ఉన్న తన అత్త వైపు చూసింది. లోపలినుంచి ముసలామె మంచం మీద లేచి కూర్చున్న చప్పుడు వినిపించింది.

"మా ఇంట్లో లేందేమన్నా తెస్తాండారా మీరు?" అంది. "ఆ చావు మాకూ ఉండాది. లోపలికి రాప్పా. ఎండలో ఎందుకు నిలబడతావు."

నాయన లోపలికి వచ్చి చాప మీద కూర్చున్నాడు. నేను మూత తీసి, చుక్కల సంగతి చెప్పాను. అమ్మ చెప్పేటట్టే చెప్పాలనుకున్నాను కానీ మాటలు తడబడ్డాయి. ఆమె ఒక నక్షత్రం తీసుకుని చుక్కల మీద వేలు పెట్టి, "మూడు. ఇది మా అత్తకు వద్దు" అని పక్కన పెట్టి, చుక్కలు లేని గంట ఒకటి వెతికి ముసలామెకు ఇచ్చింది. ముసలామె దాన్ని పళ్ళు లేని నోట్లో పెట్టుకుని కరిగేదాకా చప్పరించింది. కరిగాక, "మా పక్కింట్లో కొడుకు పోయినప్పుడు మీ ఇంటామె వాళ్ళకు తెచ్చినాది ఇట్లాంటివి. అప్పుడు రంగులుండె" అంది.

"ఉండె" అన్నాడు నాయన.

"ఇవీ బాగుండాయి."

అమ్మ ఎంతసేపు కూర్చునేదో అంతసేపే కూర్చుని లేచాం. బిస్కెట్లు వాళ్ళ గిన్నెలోకి వంచుకుని ఆమె డబ్బా తెచ్చి ఇవ్వబోయి ఆగింది. మా వైపు ఇచ్చిన గిన్నెను ఉత్తదిగా తిరిగి ఇవ్వరు. ఆమె ఇంట్లోనూ ఏడాది తిరగలేదు, వండిన తీపి ఏదీ ఉండదు. ఒక్క నిమిషం నిలబడి, మూలన ఉన్న సంచిలోంచి దోసిళ్ళతో శనక్కాయలు తీసి డబ్బా నింపింది.

"పచ్చివే. ఏంచలే" అంది నాయనతో, ఆయన వద్దంటాడేమోనన్నట్టు.

నాయన రెండు చేతులతో అందుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి అత్త అరుగు మీదే ఉంది. నాతో చెప్పొద్దన్న మనిషి మోపెడ్ ఆగకముందే చెయ్యి చాపింది. డబ్బా బరువు చూసి ఆమె ముఖం మారింది. తీసుకోలేదనుకుంది. మూత తీసి శనక్కాయలు చూసింది. ఒకటి వొలిచి గింజను కొరికింది.

"పచ్చివేనా?"

"పచ్చివే."

"అయితే సరే." గింజ నమిలి మింగింది. "ముసిలామె తిన్యాదా?"

"సోంపుది తిన్యాది."

"శొంఠిది గానీ ఇయ్యలే కదా?"

"చుక్కలు చూసి ఆ కోడలే పక్కన పెట్టినాది" అన్నాను.

అత్త తల ఊపింది. డబ్బా పట్టుకుని లోపలికి పోతూ గుమ్మంలో ఆగి నా వైపు తిరిగింది.

"వచ్చే ఏడు రంగులు తెప్పించు. ఇవి చూసేకి మజ్జిగన్నం మెతుకుల మాదిరుండాయి."

నాయన అప్పటికే అచ్చులు కడిగి గుడ్డతో తుడుస్తున్నాడు. రేకు తుప్పు పట్టకుండా మూలమూలలా తుడిచి, ఒక్కొక్కటీ ఎండలో పెట్టాడు. గొర్రె అచ్చును చేతిలోకి తీసుకుని దాని కాళ్ళ దగ్గర వేలితో కొలిచి చూశాడు. వంచుతాడేమో అనుకున్నాను. వంచలేదు. మిగతావాటి పక్కన పెట్టాడు.